గురో గడప దాటని రోజు

గురో ఒక చోట నిలిచే మనిషి కాదు. నార్వేలో కొండల నడుమ ఆమె పుట్టిన లోయలో ఎవరిదైనా మేక తప్పిపోయిందంటే చాలు, మగవాళ్ళు టోపీలు వెతుక్కునేలోగా ఆమె సగం కొండ ఎక్కేసి ఉండేది. చివరికి తన పెళ్ళిలో కూడా, పాదిరిగారు ప్రార్థన చదువుతుండగా బయట ఏదో మాడుతున్న వాసన వచ్చిందని లేచి వెళ్ళబోయిందట. పెళ్ళికొడుకు అస్లాక్ చెయ్యి పట్టుకుని ఆపాడు. "కాసేపు ఓపిక పట్టు. ఇది కానిస్తే, ఇక బతుకంతా పొయ్యి దగ్గరే ఉందువుగాని" అన్నాడు.

ఆ అస్లాక్‌తోనే ఓడెక్కి డకోటా గడ్డి మైదానానికి వచ్చింది. వాళ్ళకు వచ్చిన నేలలో చెట్టన్నది లేదు. చెట్టు లేనిచోట కలపెక్కడిది? అందుకని వాగు గట్టును తొలిచి, ముందువైపు మట్టిగడ్డలతో గోడ పెట్టి, పైన నాలుగు దూలాలు పరిచి, వాటిమీద వేళ్ళతో సహా కోసుకొచ్చిన పచ్చిక గడ్డలు పేర్చారు. అదే ఇల్లు. వాగు వైపు నుంచి చూస్తే తలుపూ కిటికీ కనిపిస్తాయి గాని, మైదానం వైపు నుంచి వచ్చేవాడికి పొగగొట్టం కాలికి తగిలేదాకా అక్కడ ఇల్లుందని తెలియదు. బయట వాన వెలిశాక కూడా లోపల చాలాసేపు కురుస్తూనే ఉండేది.

కొన్నేళ్ళకు మామగారు పోతే, అత్తగారు రాన్వెయ్ కూడా ఓడెక్కి వచ్చింది. వస్తూ వస్తూ తన పెళ్ళినాటి పెట్టె తెచ్చుకుంది. నీలిరంగు మీద ఎర్రపూలు వేసిన పెద్ద పెట్టె. ఇంటిముందు బండి దిగి, తలుపూ, గట్టూ, పైకప్పు మీద మొలిచిన గడ్డీ చూసి, "మా ఊళ్ళో ఇలాంటి గుంతల్లో నక్కలుంటాయి" అంది. ఆ మొదటి మాటతోనే అత్తాకోడళ్ళకు చెడింది. ఆ తర్వాత కాఫీ పల్చగా ఉందని ఒకసారి, చిక్కగా ఉందని ఒకసారి, ఇద్దరూ ఆ ఒక్క గదిలో ఎడమొహం పెడమొహంగా బతుకు వెళ్ళదీస్తూ వచ్చారు.

గురోకి ఇంకో పేచీ కూడా ఉండేది. బడికి అవతల, వాగుకు దిగువన మాతౌష్ అనే బొహీమియా దేశస్థుడు ఒంటరిగా ఉండేవాడు. పెళ్ళాం బిడ్డలు లేరు, పందులున్నాయి. ఆ శరదృతువులో ఆ పందులు గురో బంగాళాదుంపల మడి మొత్తం తవ్వి పోశాయి. గురో అతని వాకిట్లోకి వెళ్ళి, ఒకరి భాష ఒకరికి సరిగా రాకపోయినా, చెప్పవలసినదంతా చెప్పి వచ్చింది. "కంచె కట్టు, కంచె! లేకపోతే నీ పందుల్నీ నిన్నూ ఒకే గాటన కడతాను" అని అరిచింది. అతను తల గోక్కుని నిలబడ్డాడు. గురో తన కూతురు సిన్నెవకు మాత్రం గట్టిగా చెప్పింది, ఆ పందులవాడి ఛాయలకు పోవద్దని.

ఆ వెంటనే వచ్చిన చలికాలంలో, జనవరి నెలలో, ఆ రోజు వచ్చింది.

దానికి ముందు చాలారోజులు చలి చంపేసింది. ఆ రోజు పొద్దున మాత్రం గాలి మెత్తబడింది. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. అస్లాక్ పై అంగీ కూడా వదిలేసి, ఎద్దుల్ని మంచుబండికి కట్టి, దూరపు గడ్డివాము నుంచి గడ్డి తేవడానికి వెళ్ళాడు. ఆ గడ్డి పశువులకే కాదు, పొయ్యికీ కావాలి. కట్టెలు లేని చోట గడ్డినే మెలితిప్పి ముడివేసి కాల్చేవాళ్ళు. ఇంట్లో అది అడుగంటింది.

సిన్నెవ బడికి బయల్దేరింది. తొమ్మిదేళ్ళ పిల్ల. భుజాల మీద ఒక శాలువా వేసుకుంది, అంతే.

"పిల్లకు కోటు తొడగవే" అంది రాన్వెయ్, అల్లుతున్న మేజోడు నుంచి తల ఎత్తకుండానే.

"ఎండ కాస్తోంది అత్తయ్యా. కోటు తొడిగితే తడిపి తెస్తుంది."

"నీ ఇష్టం. నా మాట ఎవరిక్కావాలి."

పొరుగింటి టోరిన్ కొడుకులు ఐవిండ్, తోర్‌స్టైన్ గట్టు మీద నిలబడి సిన్నెవను కేకేశారు. టోరిన్, గురో ఒకే ఓడలో వచ్చినవాళ్ళు. ఓడలో వాంతులవుతుంటే ఒకరి జుట్టు ఒకరు వెనక్కి పట్టుకున్న స్నేహం వాళ్ళది. పిల్లలు ముగ్గురూ కరుగుతున్న మంచులో కాళ్ళు ఈడ్చుకుంటూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు మంచుముద్దలు విసురుకుంటూ వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గురో గుడ్డలు ఆరెయ్యడానికి గట్టెక్కింది. వాయవ్యాన నేలకూ ఆకాశానికీ మధ్య బూడిదరంగు గోడ ఒకటి లేచి ఉంది. అది కదులుతోంది. అడుగున దొర్లుతూ, పైన పొగలు చిమ్ముతూ వస్తోంది. గాలి అప్పటికి గడ్డిపరక కూడా కదలనంతగా ఆగిపోయింది. ఆమె చేతిలోని దుప్పటి తీగ మీద వేసేలోపే మోత వినిపించింది, రైలుబండి మీదికి వస్తున్నట్టు. మరుక్షణం దుప్పటి లేదు, తీగ లేదు, తన చెయ్యి తనకే కనిపించలేదు. గట్టు మీద నుంచి దొర్లి తలుపు ముందు పడింది గనక బతికింది.

లోపలికి వచ్చి తలుపు మూసింది. కనురెప్పలు అంటుకుపోయాయి. మంచు పిండిలా సన్నగా ఉంది, బట్టల నేత సందుల్లోంచి దూరి ఒంటికి తగులుతోంది. గురో అస్లాక్ కోటు తీసి తొడుక్కుంది. సిన్నెవ కోటు చంకన పెట్టుకుంది. తలకు గుడ్డ చుట్టుకుని తిరిగేసరికి రాన్వెయ్ తన ముక్కాలిపీట ఈడ్చుకొచ్చి, తలుపుకు వీపు ఆనించి కూర్చుని ఉంది.

"జరగండి అత్తయ్యా."

"జరగను."

"నా కూతురు బడిలో ఉంది."

"నా కొడుకు గడ్డివాము దగ్గరున్నాడు. నేను వెళ్తున్నానా?"

"మీరు పెద్దవాళ్ళు, వెళ్ళలేరు. నేను వెళ్ళగలను."

"వెళ్ళగలవు. రాలేవు."

గురో ఆమె భుజాలు రెండూ పట్టుకుంది. ఎత్తి పక్కన పెట్టడానికి ఎంతసేపు? ముసలమ్మ గడ్డిమోపు కంటే తేలిక. కాని రాన్వెయ్ తన రెండు చేతులూ పైకెత్తి ఆమె మొహం ముందు పెట్టింది. కీళ్ళవాతంతో వేళ్ళన్నీ వేర్లలా మెలిపడి ఉన్నాయి.

"చూడు వీటిని. మేజోడు అల్లడానికే ఏడుస్తున్నాయి. గడ్డి మెలితిప్పమంటే తిప్పగలవా? నువ్వు పోతే పొయ్యి ఆరిపోతుంది. వాళ్ళిద్దరూ ప్రాణాలు అరచేత పట్టుకుని ఈ తలుపు దాకా వచ్చారనుకో, లోపల ఏముంటుంది? చల్లటి పొయ్యి, బిగుసుకుపోయిన ముసల్ది. దానికోసమా వాళ్ళు రావడం? నన్ను కొట్టి వెళ్తానంటే కొట్టు. నేను మాత్రం లేవను."

గురో చేతులు ఆమె భుజాల మీదే ఉండిపోయాయి. బతుకంతా ఆపద వినబడగానే పరుగెత్తిన కాళ్ళు ఆమెవి. ఇప్పుడు అవి నేలకు అతుక్కున్నాయి. బిడ్డ చలిలో ఉంటే తల్లి వెచ్చగా కూర్చోవడమా? కాని బయటి మోత వింటూంటే ముసలమ్మ మాట నిజమని తెలుస్తూనే ఉంది. చివరికి మట్టినేల మీద కూలబడింది. సిన్నెవ కోటు ఒళ్ళో పెట్టుకుని, మొహం అందులో దాచుకుని, మేకపిల్లలా ఏడ్చింది.

రాన్వెయ్ ఆమెను ఏడవనిచ్చింది. ఆ తర్వాత, "సరే, ఇక గడ్డి తిప్పు" అంది.

గురో గడ్డి తిప్పింది. ఒక చుట్ట పొయ్యిలో పడేది, ఇంకోటి తిప్పేలోపు అది భగ్గుమని అయిపోయేది. మధ్యలో లేచి, తలుపు సందు చేసి, గిన్నె మీద గరిటెతో బాది, గొంతు చించుకుని కేకేసేది. గాలి ఆ చప్పుడును గిన్నె దగ్గరే మింగేసేది. కిటికీ మంచుతో మూసుకుపోయి గది గుహలా అయింది. అరిచేతులు గడ్డికి కోసుకుపోయి నెత్తురు కారుతున్నాయి. ఉన్న గడ్డంతా అయిపోవచ్చింది.

అప్పుడు రాన్వెయ్ తలుపు దగ్గర నుంచి లేచింది. మూలనున్న గొడ్డలి తెచ్చి గురో ముందు పెట్టింది. పెళ్ళిపెట్టె మూత తెరిచి, లోపలున్న బట్టలు మంచం మీదికి తీసి, పెట్టెను ఈడ్చబోయింది. అది కదల్లేదు.

"చూస్తావేమే, ఒక చెయ్యి వెయ్యి."

"అత్తయ్యా, అది మీ పెళ్ళి…"

"నా మొగుడూ లేడు, ఆ పెళ్ళికి వచ్చినవాళ్ళెవరూ లేరు. పెట్టె ఒక్కటి ఉండి ఏం చేస్తుంది? కొట్టు. మూత ముందు కొట్టు, అది ఎండుకర్ర."

ఆ పెట్టె చాలాసేపు మండింది. మంచి దేవదారు కలప. గదిలో ఎన్నేళ్ళకో అడవి వాసన వచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆ మంటనే చూస్తూ ఉండిపోయారు.

పొద్దు గూకే వేళయి ఉంటుంది, తలమీద నుంచి మట్టి రాలింది. తర్వాత ఒక పెడ్డ పడింది. దూలం కిర్రుమంది. ఇద్దరూ తల ఎత్తి చూస్తుండగానే పైకప్పులోంచి పెద్ద గడ్డ ఊడి పొయ్యి పక్కన పడింది. ఆ కన్నంలోంచి ఒక ఎద్దు కాలు మోకాలి దాకా లోపలికి దిగింది. గిట్ట గాల్లో తన్నుకుంది.

"ఎద్దు" అంది గురో, మతి పోయినట్టు.

"ఎద్దని నాకూ తెలుస్తోంది. వెనకాల వాడున్నాడేమో అడుగు."

గురో బల్ల ఎక్కింది. ఎద్దు కాలు పైకి లాక్కుంది. ఆ కన్నానికి నోరు పెట్టి, "అస్లాక్!" అని అరిచింది. మంచు ఆమె నోట్లో పడింది. మళ్ళీ అరిచింది. పైనుంచి, నూతిలోంచి వచ్చినట్టు, ఒక గొంతు వినిపించింది.

"నేను ఎక్కడున్నాను?"

"మన ఇంటి మీదున్నావు. కదలకు. గట్టు దిగొద్దు, దిగితే మళ్ళీ తప్పిపోతావు. అక్కడే ఉండు."

అత్త బల్లను కదలకుండా పట్టుకుంది. కోడలు పార తీసుకుని, ఎండలో వానలో ఎంత కష్టపడి కట్టుకుందో ఆ కప్పును తనే తవ్వింది. కన్నం మనిషి పట్టేంత అవగానే ముందు బూట్లు వచ్చాయి. గురో కాళ్ళు పట్టుకుని లాగింది. అస్లాక్ మట్టితో, మంచుతో కలిసి ఆమె మీద పడ్డాడు. గడ్డం మొత్తం గడ్డకట్టి ఒకే ముక్కయింది. గురో అతని కింద నలిగిపోయి ఉండి కూడా వదల్లేదు. వదిలితే మళ్ళీ పైకి వెళ్ళిపోతాడేమో అన్నట్టు పట్టుకుంది.

కన్నంలో పరుపు కుక్కారు. చెవులకీ కాళ్ళకీ మంచు రుద్దారు. అప్పటివాళ్ళకు తెలిసిన వైద్యం అదే. వేడి పాలు తాగాక అతనికి మాట వచ్చింది. తుఫాను వచ్చేసరికి సగం దారిలో ఉన్నాడు. బండి విప్పేసి, ముసలి ఎద్దు తోక చేతికి చుట్టుకుని, దాని ఇష్టానికి వదిలేశాడు. రెండో ఎద్దు ఎక్కడో విడిపోయింది. "అది నడిచింది, నేను నడిచాను. ఉన్నట్టుండి అది కుంగింది. వాగులో పడ్డామనుకున్నాను" అన్నాడు. అలా అంటూనే గదంతా కలియజూశాడు.

"సిన్నెవ?"

"బడిలో ఉంది" అంది గురో. "నేను వెళ్ళలేదు."

రాన్వెయ్ మేజోడు కింద పెట్టింది. "నేను వెళ్ళనివ్వలేదు. ఏమైనా అనాలనుకుంటే నన్ను అను."

అస్లాక్ భార్య అరిచేతులు తిప్పి చూసి, వాటిని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. ఆ రాత్రి ఎలా గడిచిందో వాళ్ళు తర్వాతెప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

తెల్లవారేసరికి గాలి పడిపోయింది. కళ్ళు పొడిచే ఎండ, ఊపిరి మొహం మీదే గడ్డకట్టే చలి. ముసలి ఎద్దు ఒళ్ళంతా మంచు అట్టలు కట్టి, పశువుల పాక వెనక మొద్దులా నిలబడి నెమరు వేస్తోంది. అస్లాక్ కాళ్ళు వాచిపోయి బూట్లు ఎక్కలేదు. ఈసారి తలుపు దగ్గర ఎవరూ అడ్డు కూర్చోలేదు. రాన్వెయ్ తన ఉన్ని శాలువా తీసి గురోకి తనే చుట్టి, కొసలు వెనక ముడివేసింది.

గురో బడికి వెళ్ళింది. కొత్త మంచు రాయిలా గట్టిపడింది, దాని మీద నడుస్తూంటే కంచుపళ్ళెం మీద నడిచినట్టు మోగుతోంది. బడి తలుపు ఊడి పడి ఉంది. లోపల బల్లల మీద, నల్లబల్ల కింద, చల్లారిన పొయ్యి మీద మంచు పేరుకుని ఉంది. ఒక్క పిల్ల లేదు. గురో ఆ గుమ్మంలో నిలబడి కూతురి పేరు పిలవబోయింది. పెదవులు విడివడలేదు.

అప్పుడు వాగు దిగువన పొగ కనిపించింది. సన్నగా, నిటారుగా లేస్తోంది. మాతౌష్ ఇల్లు.

ఎలా వెళ్ళిందో ఆమెకు గుర్తులేదు. పడింది, లేచింది, మళ్ళీ పడింది. మాతౌష్ వాకిట్లోనే ఉన్నాడు, పారతో మంచు తీస్తున్నాడు. ఆమెను చూసి పార కింద పడేసి, తన వచ్చీరాని భాషలో, రెండు చేతులూ ఊపుతూ చెప్పడం మొదలుపెట్టాడు.

"పిల్ల ఉంది! నీ పిల్ల ఉంది. పంతులమ్మ ఉంది. మెల్లగా, మెల్లగా. నిద్ర."

ఆమె అతన్ని తోసుకుని లోపలికి వెళ్ళింది. ఒక్క గది. నేలమీద గడ్డి పరిచి ఉంది. ఆ గడ్డిలో పిల్లలు, పిల్లల మధ్య పందులు, పందుల మీద దుప్పట్లు. ఏ కాలు పిల్లదో ఏ కాలు పందిదో తెలియలేదు. మూలగా పడుకున్న పెద్ద ఆడపంది మెడ మీద తల పెట్టుకుని, నోరు తెరుచుకుని సిన్నెవ నిద్రపోతోంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

గురో గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూసింది. వెచ్చటి ఊపిరి తగిలింది. ఇంకోసారి పెట్టి చూసింది. సిన్నెవ కళ్ళు తెరిచింది.

"అమ్మా, నువ్వు తిడతావేమో. నేను పందులవాళ్ళింటికి వచ్చాను."

"తిట్టనమ్మా."

"పందితో పడుకున్నాను."

"తెలుస్తోందే, వాసన వస్తోంది" అంటూ గురో నవ్వబోయింది. నవ్వు ఏడుపైంది. ఏడుపు మళ్ళీ నవ్వైంది. పంది చిరాగ్గా గురగురమని అటు తిరిగి పడుకుంది.

మాతౌష్ గుమ్మంలో నిలబడి జరిగింది చెప్పాడు. పంతులమ్మ మధ్యలో అందుకుని అర్థమయ్యేలా చెప్పింది. అతను పట్నం నుంచి బండిలో వస్తూ బడి దాటుతుండగా తుఫాను కమ్మింది. పిల్లలందర్నీ బండి తొట్టిలో పడుకోబెట్టి, పైన గోనెలు కప్పి బయల్దేరాడు. దారి తెలియలేదు. గుర్రాలు ఎటో వెళ్ళి, కొత్తగా కట్టిన కంచెకు గుద్దుకున్నాయి. అతను దిగి, ఒక్కో గుంజనూ చేత్తో తడుముకుంటూ, గుర్రాల్ని నడిపించుకుంటూ ఇల్లు చేరాడు. పొయ్యిలోకి గడ్డి చాలదని పందుల్ని లోపలికి తెచ్చాడు.

"కంచె నువ్వు చెప్పింది" అన్నాడు మాతౌష్. "చాలా గట్టిగా చెప్పింది."

గురో లేచి అతని చెయ్యి పట్టుకుంది. ఏమనాలో తోచక ఆ చెయ్యి ఊపుతూనే ఉంది. అతను సిగ్గుపడి తల గోక్కున్నాడు. ఆ తర్వాత మొహం మారింది. రెండు వేళ్ళు చూపించాడు.

"ఇద్దరు బండి ఎక్కలేదు."

పంతులమ్మ మొహం కప్పుకుంది. ఆమె పట్నం పిల్ల, ఇరవై కూడా లేవు. ఐవిండ్, తోర్‌స్టైన్ ఆగలేదట. మా ఇల్లు దగ్గరే, పరుగెత్తితే చేరిపోతాం అని ఆమె చెయ్యి విదిలించుకుని పోయారట.

టోరిన్ పిల్లలు మరునాడు దొరికారు, ఇంటికి కూతవేటు దూరంలో. అన్న తన కోటు తమ్ముడికి కప్పి ఉన్నాడు. నేల తవ్వడానికి వీల్లేనంతగా గడ్డకట్టడంతో వసంతం దాకా వాళ్ళని పాకలో ఉంచవలసి వచ్చింది. ఆ చుట్టుపక్కల ఇలా మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. అస్లాక్‌కి చెవి కొన, కాలివేళ్ళు కొన్ని పోయాయి. రెండో ఎద్దు మంచు కరిగాక బయటపడింది. అయినా సరే, తమ ఇంట్లో అందరూ ఉన్నారు. పొద్దున్నే లేచి గురో ముగ్గురి ఊపిరీ వినేది. ఒక్కో ఊపిరి వింటూంటే గుండె మీద నుంచి బరువు దిగినట్టుండేది. ఆ తేలికదనం చూసుకుని, టోరిన్ గుర్తొచ్చి, సిగ్గుపడేది.

రాన్వెయ్ కాఫీ గురించి మాట్లాడటం మానేసింది. పూర్తిగా మానలేదు గాని, "ఇవాళ పల్చగా ఉంది, అయినా వేడిగా ఉందిలే" అనేది. గురోకి అది పొగడ్తలాగే వినిపించేది. వసంతంలో పైకప్పు బాగుచేస్తున్నప్పుడు ముసలమ్మ కిందనుంచి తల ఎత్తి, "ఎద్దు పట్టేంత వదిలెయ్యండి, అలవాటైపోయింది దానికి" అంది. ఆ మాటకు అస్లాక్ నవ్వి నవ్వి నిచ్చెన మీద నుంచి జారాడు.

గురో వారం వారం టోరిన్ ఇంటికి రొట్టె తీసుకువెళ్ళేది. టోరిన్ తీసుకునేది, మాట్లాడేది కాదు. గురో ఒంటరిగానే వెళ్ళేది. సిన్నెవను వెంట తీసుకుపోలేదు. బతికున్న బిడ్డను ఆ ఇంటి గుమ్మంలో నిలబెట్టడానికి ఆమెకు మనసు రాలేదు. దారిలో టోరిన్ ఎదురయ్యేలా ఉంటే పిల్లకు ఏదో పని చెప్పి వేరేవైపు పంపేసేది.

ఎండాకాలం చివర, గడ్డి కోతలప్పుడు, ఒకరోజు మధ్యాహ్నం టోరిన్ తనే వచ్చింది. తలుపు తెరిచే ఉంది. గడప మీద నిలబడి, "కాఫీ ఉందా?" అంది. ఎన్ని నెలలకో విన్న గొంతు. గురో పొయ్యి మీద గిన్నె పెట్టింది. రాన్వెయ్ తన పీట ఖాళీ చేసి ఆమెకు ఇచ్చింది. సిన్నెవ ఆ గొంతు విని, అమ్మ చెప్పకుండానే, మంచం వెనక నక్కింది.

టోరిన్ కాఫీ సగం తాగి కప్పు దించింది.

"నువ్వు దాన్ని నాకు కనపడకుండా దాస్తున్నావు."

గురో పొయ్యిలోకి ఇంకో గడ్డిచుట్ట తోసింది.

"ఎందుకే? చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుందనా? చూడకపోతే మాత్రం ఏం బావుంది? వాళ్ళతో కలిసి రోజూ నడిచిన పిల్ల అది. వాళ్ళు ఏం మాట్లాడుకునేవాళ్ళో దానికే తెలుసు. పిలువు."

పిలవక్కరలేకపోయింది. సిన్నెవ మంచం వెనక నుంచి వచ్చి టోరిన్ ముందు నిలబడింది. జుట్టంతా రేగి గడ్డిపరకలు అంటుకుని ఉన్నాయి. టోరిన్ ఆమెను చాలాసేపు చూసింది. తర్వాత భుజం పట్టుకుని అటు తిప్పి, తన కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకుంది. "నీ తల్లికి జడ వెయ్యడం ఎప్పటికీ రాదు. ఓడలో కూడా అంతే, నా తల పిచ్చుకగూడు చేసింది" అంటూ గడ్డిపరకలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.

"పిన్నీ, తోర్‌స్టైన్ బడిలో ఒకసారి పంతులమ్మ కుర్చీలో కప్పను పెట్టాడు" అంది సిన్నెవ.

"పెట్టాడా? నాకు చెప్పలేదే. ఊఁ, తర్వాత?"

గురో పొయ్యి వైపు తిరిగి నిలబడి, వింటూ, రెండో కప్పు కాఫీ పోసింది.